ఏకగ్రీవం

మీటింగ్ ఆఖర్న ఒక ప్రశ్న అడుగుతారు. "ఎనీ అబ్జెక్షన్స్?" అడిగాక మూడు సెకన్లు ఆగుతారు. ఆన్‌లైన్ మీటింగైతే అప్పటికే సగంమంది వేలు ‘లీవ్’ బటన్ మీదకి వెళ్ళిపోయి ఉంటుంది. మూడు సెకన్లయ్యాక "గ్రేట్, వీ ఆర్ ఆల్ అలైన్డ్" అంటారు. గంట తిరక్కుండా మెయిలొస్తుంది, ఫలానా తేదీన ఫలానా పని చెయ్యడానికి టీమంతా ఒప్పుకుందని.

మీటింగులు పొదుపుగా, పనికొచ్చేలా ఎలా నడపాలో చెప్పే పుస్తకాలూ ట్రైనింగులూ బోలెడున్నాయి. నాలుగైదు పుస్తకాలు నేనూ చదివాను, రెండు ట్రైనింగులకి సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. అవన్నీ మిగతా యాభై తొమ్మిది నిమిషాల గురించి చెబుతాయి. ఆ మూడు సెకన్ల దగ్గరికి ఏదీ రాదు. నాకు మాత్రం మీటింగులో అసలు జరిగేదేదో అక్కడే జరుగుతుందనిపిస్తుంది.

ఆ పుస్తకాల లెక్క సులువైనది. పన్నెండు మంది గంటసేపు కూర్చుంటే ఖర్చయింది పన్నెండు గంటలు. వాటిని జీతాలతో గుణిస్తే మీటింగు ధర వస్తుంది. షాపిఫై అనే కెనడా కంపెనీ 2023లో ఈ లెక్కని ఏకంగా ఉద్యోగుల క్యాలెండర్లోనే పెట్టేసింది. మీటింగు పిలిచేవాళ్ళకి అదెంత ఖర్చో కళ్ళముందు కనబడుతుంది. అమెజాన్‌లో పవర్‌పాయింట్ బదులు ఆరు పేజీల నోట్ రాసుకొస్తారు, అందరూ ముందు మౌనంగా కూచుని దాన్ని చదువుతారు. మన దగ్గర ఇంత దూరం పోకపోయినా, అజెండా లేనిదే పిలవకు, అరగంట దాటించకు, అవసరం లేనివాళ్ళని పిలవకు, ఎవరేం చెయ్యాలో రాసిపెట్టు లాంటి సూత్రాలు అందరికీ నోటికొచ్చు. పాటించేవాళ్ళు తక్కువ, అది వేరే సంగతి.

ఈ సూత్రాల్ని ఎగతాళి చెయ్యడం తేలిక. సాహిత్యం చదివేవాళ్ళకి మరీ తేలిక. ‘సమర్థత’ అన్న మాట వినగానే మనకి ఫ్యాక్టరీ సైరనూ చాప్లినూ గుర్తొస్తారు. నేనా పని చెయ్యను. మీటింగు సాగితే నష్టపోయేది ఎవరో చూడండి. కాలిఫోర్నియాలో పొద్దున్న ఎనిమిదైతే చలికాలంలో మనకి రాత్రి తొమ్మిదిన్నర. అక్కడివాళ్ళు కాఫీ కప్పుతో మొదలుపెట్టిన చర్చ ఇంకో ఇరవై నిమిషాలు సాగిందంటే ఇక్కడ ఒకమ్మాయికి ఆఫీసు క్యాబ్ తప్పిపోతుంది. ఒక చంటిపిల్ల వాళ్ళమ్మ కోసం చూసి చూసి నిద్రపోతుంది. ఎక్కువసేపు కూచోగలిగినవాడే నెగ్గే మీటింగంత అన్యాయమైంది ఇంకోటి లేదు. అందులో ఎప్పుడూ నెగ్గేది ఇంట్లో ఇంకొకరు వండిపెట్టేవాడే.

జో ఫ్రీమన్ అనే అమెరికన్ స్త్రీవాది 1970లో ఒక ప్రసంగంలో ఇలాంటి సంగతే చెప్పింది. అప్పటి స్త్రీవాద బృందాల్లో అధ్యక్షులు వద్దు, నియమాలు వద్దు, అందరం సమానం అనుకునేవారు. నియమాలు లేనిచోట అధికారం పోదనీ, కనపడకుండా దాక్కుంటుందనీ ఆవిడ వాదన. ముందే స్నేహితులైనవాళ్ళు, ఫోన్లలో మాట్లాడుకుని వచ్చినవాళ్ళు నిర్ణయాలు చేసేస్తారు. కొత్తగా వచ్చినామెకి ఎవర్ని అడగాలో కూడా తెలీదు. ఆఫీసుల్లో ఇది రోజూ చూస్తాం. అజెండా లేని మీటింగు అందరిదీ అనుకుంటాం గానీ, అది నిన్న రాత్రి మేనేజర్తో కలిసి బిర్యానీ తిన్నవాళ్ళది.

కాబట్టి అజెండా, గడియారం, వంతులు ఉండాలి. బలం లేనివాళ్ళకి అవే ఆసరా. చిక్కేమిటంటే అదే గడియారం, అవే వంతులు బలం లేనివాళ్ళ నోరు కూడా నొక్కగలవు. ఎప్పుడు ఆసరా అవుతాయి, ఎప్పుడు నోరు నొక్కుతాయి అన్నది నన్ను తినేస్తున్న ప్రశ్న.

నాకు తెలిసిన అమ్మాయొకతె టెస్టర్. వేరే కంపెనీ. నాకంటే ఆరేడేళ్ళు చిన్నది, అన్నా అంటుంది. వాళ్ళది చెల్లింపుల సాఫ్ట్‌వేర్. రిలీజ్‌కి ముందురోజు ‘గో, నో-గో’ మీటింగు, అంటే రేపు విడుదల చేద్దామా వద్దా తేల్చుకునేది. ఇరవై నిమిషాలు, పక్కాగా. ఒక్కో విభాగానికి ఒక్కో నిమిషం. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఈ అమ్మాయి వంతు వచ్చింది. టెస్టింగులో రెండుసార్లు ఒకే చెల్లింపు రెండుగా నమోదైనట్టు చూసింది. మూడోసారి ఎంత ప్రయత్నించినా రాలేదు. అదే చెప్పింది.

"బ్లాకరా, కాదా?" అని అడిగాడు మేనేజరు. చెడ్డవాడేం కాదు, ఆమే చెప్పింది.

"చెప్పలేనండీ."

"మళ్ళీ చేసి చూపించగలవా?"

"ఇప్పుడు రావట్లేదు."

"సరే, అయితే ఇది ఆఫ్‌లైన్ మాట్లాడుకుందాం."

తర్వాత ఆ ప్రశ్న, మూడు సెకన్లు. రిలీజ్ అయిపోయింది. ఏమీ కాలేదు. ఇప్పటికి ఏడాది దాటింది, ఒక్క చెల్లింపు కూడా రెండుసార్లు పడలేదు. అయినా ఆ అమ్మాయి మొన్న మళ్ళీ ఆ మాటే ఎత్తింది. ఏమీ కాలేదు కదమ్మా, ఇంకా ఎందుకు అన్నాను.

"కాలేదన్నా. కానీ మెయిల్లో క్యూఏ సైన్ ఆఫ్ ఇచ్చింది అని నా పేరు పెట్టి రాశారు. నేనెప్పుడిచ్చాను?"

ఏదో ఒక అనర్థం జరిగి ఉంటే ఈ వ్యాసం రాయడం చాలా సులువయ్యేది. చూశారా, చిన్న ఉద్యోగి మాట వినలేదు, కొంప మునిగింది అని ముగించొచ్చు. మేనేజ్‌మెంట్ పుస్తకాలు అభ్యంతరాల్ని వినమని చెప్పేది కూడా ఈ కారణం చేతే, ఒకవేళ నిజమైతే కంపెనీకి నష్టం కాబట్టి. కానీ రిలీజ్ ముందురోజు వచ్చే సందేహాల్లో చాలా వరకు ఉత్తవేనని ఈ పనిలో ఉన్న ఎవర్నడిగినా చెబుతారు. వినడానికి అదొక్కటే కారణమైతే, సందేహానికి నిజమయ్యే అవకాశం ఎంత, వినడానికి అయ్యే ఖర్చెంత అని లెక్కేసి ఆ మేనేజరు చేసిందే సరైనదని తేల్చొచ్చు. నేనైతే అలా తేల్చేవాళ్ళని తప్పుపట్టలేను కూడా.

ఆ అమ్మాయి బాధ దీనికి అందదు. తన మాట నెగ్గలేదని ఆమె అనట్లేదు. తానివ్వని అంగీకారాన్ని తన పేరు మీద రాసుకున్నారంటోంది. మాట నెగ్గకపోవడం ఉద్యోగంలో మామూలే. ఇది మాత్రం ఒకరి సంతకం ఇంకొకరు పెట్టడం లాంటిది.

మనకో సామెతుంది: మౌనం అర్ధాంగీకారం. సంస్కృతంలో చెప్పేటప్పుడు మౌనాన్ని పూర్తి సమ్మతికే గుర్తుగా చెబుతారు. తెలుగువాళ్ళు దాన్ని సగానికి తగ్గించారు. ఎవరు తగ్గించారో గానీ లోకం తెలిసినవాళ్ళే అయ్యుంటారు. పెళ్ళిచూపుల్లో తలొంచుకున్న అమ్మాయి విషయంలో వాడే సామెత ఇది. మిగతా సగంలో ఏముందో అడిగినవాళ్ళు తక్కువ. భయముందా, అర్థం కాకపోవడముందా, ‘ఎలాగూ వినరు’ అన్న విసుగుందా? మన మీటింగుల్లో ఆ సగం అంగీకారాలు పన్నెండు పోగేసి, మొత్తం పన్నెండని రాస్తాం.

అలా రాయడానికి భాష కూడా సాయం చేస్తుంది. మీటింగు మినిట్స్‌లో కర్త ఉండడు. ‘ఇట్ వాజ్ అగ్రీడ్’. మన సర్కారీ తెలుగులో దీనికి ఇంతకంటే గంభీరమైన రూపముంది: ‘ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’. గ్రీవం అంటే మెడ, సుగ్రీవుడిలో ఉన్నదే. ఏకగ్రీవమంటే అందరికీ కలిపి ఒకటే మెడ. అదెటు ఊగితే తలలన్నీ అటే ఊగుతాయి. ఈ మాటని పొగడ్తగా వాడటం మనకే చెల్లింది. ఏకగ్రీవంగా సర్పంచిని ఎన్నుకున్న పంచాయతీలకి ప్రభుత్వాలు ప్రోత్సాహక నిధులిస్తాయి. ఎన్నికల ఖర్చు తప్పుతుంది, ఊళ్ళో గొడవలుండవు అని కారణం చెబుతారు. పచ్చి సమర్థత వాదమే ఇది. కొన్ని ఊళ్ళలో ఆ ఏకగ్రీవం వెనక సర్పంచి పదవిని వేలం వేసిన సంగతి ప్రతి ఎన్నికలప్పుడూ పేపర్లలో చదువుతూనే ఉంటాం. పోటీ చెయ్యాలనుకున్నవాడు ఎందుకు తప్పుకున్నాడో తీర్మానంలో ఉండదు.

ఇక ‘ఆఫ్‌లైన్’ అన్న మాట. మీటింగు నడిపేవాళ్ళ చేతిలో దీనంత పనికొచ్చే ఆయుధం లేదు. నిజంగానే ఇద్దరికి సంబంధించిన విషయాన్ని పదిమంది ముందు సాగదీస్తుంటే దాన్ని పక్కకి తప్పించడం అందరికీ మేలు. కానీ నిర్ణయం ఆధారపడ్డ విషయాన్నే ఆఫ్‌లైన్‌కి పంపి, నిర్ణయాన్ని మాత్రం ఆన్‌లైన్‌లోనే ఉంచితే?

ఇలా జరిగిన మీటింగొకటి చరిత్రలో ఉంది. 1986 జనవరి 27 రాత్రి, చాలెంజర్ అంతరిక్ష నౌక ఎగరడానికి ముందురోజు. యూటాలో రాకెట్ మోటార్లు తయారుచేసిన మోర్టన్ థయకోల్ కంపెనీ ఇంజనీర్లు, అలబామాలోనూ ఫ్లోరిడాలోనూ ఉన్న నాసావాళ్ళు ఫోన్లో మాట్లాడుకున్నారు. మర్నాడు ఏమైందో అందరికీ తెలుసు. 73 సెకన్లు, ఏడుగురు మనుషులు. నేను ఆ పేలుడు కోసం దీన్ని ఎత్తుకోలేదు. ఆ మీటింగు ఎలా నడిచిందో చూడాలి. 53 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చలి ఉంటే ఎగరొద్దని ఇంజనీర్లు చెప్పారు. రాకెట్ జాయింట్లలో ఉండే రబ్బరు రింగులు చలికి బిగుసుకుంటాయని వాళ్ళ భయం. నాసావాళ్ళు గట్టిగా ఎదురు ప్రశ్నలేశారు. అప్పుడు థయకోల్‌వాళ్ళు ఐదు నిమిషాలు టైమడిగి లైన్లోంచి పక్కకి తప్పుకున్నారు. అక్షరాలా ఆఫ్‌లైన్. ఐదు నిమిషాలు అరగంటయింది. ఆ గదిలో ఇంజనీర్లు రోజర్ బోయిజోలీ, ఆర్నీ థాంప్సన్ మళ్ళీ నచ్చజెప్పడానికి చూశారు. ఇది ఇక మేనేజ్‌మెంట్ తీసుకోవాల్సిన నిర్ణయం అన్నారు పైవాళ్ళు. నలుగురు పెద్ద మేనేజర్లు తమలో తాము ఓటేసుకున్నారు. వాళ్ళలో ఇంజనీరింగ్ విభాగాధిపతిని, ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమన్నారు. తిరిగి లైన్లోకొచ్చి ఎగరొచ్చని చెప్పారు. అప్పుడు నాసా వైపునుంచి అడిగారు, ఇంకెవరికైనా భిన్నాభిప్రాయం ఉందా అని. లైన్లో ఎవరూ మాట్లాడలేదు.

అంతకు గంట ముందు వద్దన్న ఇంజనీర్లు ఆ గదిలోనే ఉన్నారు. బోయిజోలీ తర్వాత చెప్పినదాని సారమేమిటంటే, ఆ రాత్రి ప్రశ్న తిరగబడింది. మామూలుగా ఎగరడం క్షేమమని నిరూపించమని అడుగుతారు. ఆ రాత్రి మాత్రం క్షేమం కాదని నిరూపించమన్నారు. సందేహమున్నవాడి దగ్గర రుజువుండదు. రుజువుంటే దాన్ని సందేహమనరు. ‘బ్లాకరా, కాదా?’ అనే ప్రశ్న చేసేది ఇదే. అవును, కాదు అని రెండే గడులిస్తుంది. ‘తెలీదు, కానీ భయంగా ఉంది’ అన్నదానికి గడి లేదు. గడి లేనిదాన్ని టైము తినేస్తోందని పక్కకి నెట్టేస్తాం. వంతులూ గడియారాలూ నోరు నొక్కేది సరిగ్గా ఇక్కడేనని నాకిప్పుడు అనిపిస్తోంది. నిమిషం ఇచ్చారు, మాట్లాడనిచ్చారు. చెప్పడానికి వీలైన జవాబుల్ని మాత్రం ముందే నిర్ణయించేశారు.

చిత్రంగా అదే 1986 జనవరిలో, శాండియాగోలో 21 మందితో ఇంకో మీటింగు జరిగింది. ఇంటర్నెట్ నడిచే ప్రమాణాల్ని రాసే ఐఈటీఎఫ్ అనే సంస్థ మొదటి సమావేశం. ఇప్పుడు మీరీ వ్యాసం చదవగలుగుతున్నారంటే వాళ్ళు ఒప్పుకున్న ప్రమాణాల వల్లే. వాళ్ళు ఓట్లు లెక్కపెట్టరు. గదిలో ఏ ప్రతిపాదనకి మొగ్గుందో తెలుసుకోవడానికి ‘హమ్’ చెయ్యమంటారు, నోరు మూసుకునే తుమ్మెదల్లా. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. ఎందుకలా చేస్తారో 2014లో పీట్ రెస్నిక్ ఒక పత్రం రాశాడు, ఆర్‌ఎఫ్‌సీ 7282. మీటింగుల మీద నేను చదివినవాటిలో బుద్ధున్న రచన అదే. అందులో రెండు మాటలు నన్ను పట్టుకున్నాయి. ఒకటి, ఏకాభిప్రాయమంటే అభ్యంతరం లేకపోవడం కాదు, ప్రతి అభ్యంతరానికీ జవాబు చెప్పి ఉండటం. జవాబు చెప్పాక కూడా అతను ఒప్పుకోకపోవచ్చు, ఫరవాలేదు, ముందుకెళ్ళొచ్చు. కానీ వందమంది సరేనని ఐదుగురు కాదన్నప్పుడు, ఆ ఐదుగురి ప్రశ్నకి జవాబు లేకపోతే ఏకాభిప్రాయం లేనట్టే. రెండోది ప్రశ్న వేసే తీరు. ‘అందరికీ ఓకేనా?’ అని అడక్కు, ‘దీంతో అసలు కుదరదు అనేవాళ్ళెవరు?’ అని అడుగు.

ఈ రెండో ప్రశ్న సమర్థమైనదే, టైము కూడా తక్కువే తింటుంది. నేను మా టీములో ప్రయత్నించి చూశాను కూడా. ఫలితం పెద్దగా లేదు. కారణం ఆలస్యంగా వెలిగింది. ఐఈటీఎఫ్‌లో మాట్లాడేవాడికి పక్కనున్నవాడు బాసు కాదు. మన దగ్గర ఆ ప్రశ్న వేసేవాడే మార్చిలో రేటింగ్ ఇచ్చేది. ప్రశ్నని ఎంత అందంగా తిప్పినా, ‘కుదరదు’ అన్నదానికి ధర కట్టేది చెప్పినవాడే. మీటింగు ధర లెక్కగట్టే క్యాలెండర్లలో ఈ ధర ఎక్కడా కనపడదు.

మహాభారతం సభాపర్వంలో ఈ ధర గురించి ఒక లెక్కుంది. ద్రౌపది సభలో ప్రశ్న అడిగింది. తనను తాను ఓడినవాడు నన్నెలా ఒడ్డుతాడని. పెద్దలందరూ ఉన్నారు. భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు, అంటే ఆఫ్‌లైన్ అన్నాడు. మాట్లాడింది కౌరవుల్లోనే ఒకడైన వికర్ణుడు. నీకేం తెలుసు, పిల్లాడివి అని కర్ణుడు నోరు మూయించాడు. తర్వాత విదురుడు సభవాళ్ళకి ప్రహ్లాదుడి కథ చెబుతాడు. అందులో కశ్యపుడు వేసిన లెక్క ఇది: సభలో తప్పు జరిగి, దాన్ని ఎవరూ తప్పనకపోతే, ఆ పాపంలో పావు వంతు చేసినవాడిది, పావు వంతు ఊరుకున్న సభికులది, సగం సభకి పెద్దగా ఉన్నవాడిది.

ఈ లెక్క చూసి మొదట ఆశ్చర్యపోయాను. మనం రోజూ చెప్పుకునే నీతికిది పూర్తిగా తలకిందులు. ‘ధైర్యం చేసి నోరు విప్పాలి’, ‘స్పీక్ అప్ కల్చర్’ అని పోస్టర్లంటించేది కింద కూచున్నవాళ్ళ కోసం. మాట్లాడలేదంటే తప్పు వాళ్ళదే. కశ్యపుడు వాళ్ళని వదిలిపెట్టలేదు, పావు వంతు వేశాడు. చేసినవాడికీ అంతే వేశాడు. సగం మాత్రం ఆ మౌనాన్ని చూస్తూ సభ నడిపినవాడి ఖాతాలో రాశాడు. సభ నడపడమంటే వంతులు పంచడంతో అయిపోదని, ఊరుకున్నవాళ్ళు ఎందుకు ఊరుకున్నారో తెలుసుకోవడం కూడా ఆ కుర్చీ పనేనని దీనర్థం, నాకు తోచినంతలో. సామెతలో మనం లెక్కపెట్టకుండా వదిలేసిన సగాన్ని ఇక్కడ కుర్చీలో ఉన్నవాడి మీద వేశారు.

అయితే ఏం చెయ్యాలి అని అడుగుతారు. యూదుల పాత న్యాయసభల్లో మరణశిక్ష పడే కేసుల్లో అందరికంటే చిన్నవాళ్ళనుంచి అభిప్రాయం అడగడం మొదలుపెట్టేవారు, పెద్దల మాట విన్నాక చిన్నవాళ్ళు కాదనలేరని. మా లీడ్‌కి ఆ సంగతి తెలుసో లేదో గానీ ఆవిడా అదే చేస్తుంది. నల్గొండ వైపావిడ, మేమందరం అక్కా అంటాం. కొత్తగా చేరినవాళ్ళతో మొదలుపెట్టి తాను ఆఖర్న మాట్లాడుతుంది. ‘బ్లాకరా’ అని అడగదు, ‘ఎంత భయంగా ఉంది నీకు?’ అంటుంది. దీనికి మహా అయితే నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ నాలుగు నిమిషాలు స్టేటస్ చదవడంలోంచి కోసేసింది. అది మెయిల్లో చదువుకోండి అంటుంది. వినేసి చాలాసార్లు కాదనే అంటుంది కూడా. "విన్న తమ్మీ, అయినా రేపే పోదాం. ఏమన్నైతే నా మీదెయ్యి" అంటుంది. అలా అన్నాక ఎవరూ ఆ మాట మళ్ళీ ఎత్తడం నేను చూళ్ళేదు.

ఇంకో పని చేసింది. మినిట్స్‌లో ‘నిర్ణయం’, ‘బాధ్యులు’, ‘గడువు’ అని ఉండే గడుల పక్కన ‘ఒప్పుకోనివారు’ అని ఇంకో గడి చేర్చింది. ఎవరైనా తమ పేరు తామే రాసుకోవచ్చు, కారణం ఒక్క వాక్యంలో. చాలా వారాలు అది ఖాళీగానే ఉంటుంది. పోయిన నెల మొదటిసారి అందులో రెండు పేర్లు పడ్డాయి. మర్నాడే క్లయింట్ వైపు మేనేజరు ఆ గడి తీసెయ్యమని అడిగాడు. పేర్ల గురించి ఏమీ అనలేదు. డాక్యుమెంట్ పైవాళ్ళకి కూడా వెళ్తుంది కదా, చూడ్డానికి బాగోదు అన్నాడట. అక్క ఇంకా తియ్యలేదు. ఈ గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి దాని మీద మీటింగుంది, అరగంట.